మనుషులపై పరిశోధన: నైతిక సమీక్షలో మన శిక్షణ ఎంతవరకు?

రోగం ఎందుకు వస్తుందో, ఏ మందుకు తగ్గుతుందో తెలియవలెనంటే ఏదో ఒక దశలో మనుషులనే పరిశీలించక తప్పదు. గాజుగొట్టంలో చేసిన ప్రయోగం గాని, ఎలుకమీద చేసిన ప్రయోగం గాని శాస్త్రజ్ఞుణ్ణి కొంత దూరమే తీసుకొనిపోగలవు. కాని గాజుగొట్టానికి లేనిది మనిషికి ఒకటి ఉన్నది. అతడు “నేను రాను” అనగలడు. ఆ మాట అనే హక్కుకు భంగం కలగకుండా, అతని శరీరానికీ గౌరవానికీ హాని రాకుండా పరిశోధన సాగుతుందా లేదా అని ముందుగానే తరచి చూచే ఏర్పాటుకు నైతిక సమీక్ష అని పేరు. ఆ పని చేసే సంఘాన్ని వైద్యులు ఎథిక్స్ కమిటీ అంటారు.

ఈ సంఘాలలో కూర్చునేవారికి, పరిశోధనలు చేసే వైద్యులకూ ఆరోగ్య సిబ్బందికీ తగిన శిక్షణ ఇవ్వాలనే ఆలోచన గత పాతికేళ్ళలో ప్రపంచమంతటా బలపడినది. అది మంచి ఆలోచనే. అయితే ఆ శిక్షణ దేనిని నేర్పుతున్నది, దేనిని వదలివేస్తున్నది అని విచారించడం అవసరం. ఇది డాక్టర్ల వ్యవహారం, మనకేమి సంబంధమని హైస్కూలు ఉపాధ్యాయులు అనుకొనవచ్చును. ఖమ్మం జిల్లాలో 2009లో జరిగిన ఉదంతాన్నీ, పామూరు, కనిగిరి ప్రాంతాల ఫ్లోరైడు నీళ్ళ చరిత్రనూ దగ్గర పెట్టుకొని చూస్తే ఈ వ్యవహారం నేరుగా బడి గడప తొక్కినట్లు తెలుస్తుంది.

సమీక్ష ఎట్లా పుట్టినది?

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీ నిర్బంధ శిబిరాలలో ఖైదీలపై ఘోరమైన ప్రయోగాలు జరిగినవి. వాటికి బాధ్యులైన 23 మందిని 1946 డిసెంబరు మొదలుకొని నూరెంబర్గు నగరంలో విచారించినారు. వారిలో 20 మంది వైద్యులే. 1947 ఆగస్టులో తీర్పు చెబుతూ న్యాయస్థానం పది నియమాలను పేర్కొన్నది. మొదటి నియమం, ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి అన్నది. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ నగరంలో ఒక ప్రకటన చేసినది. పరిశోధకునితో సంబంధం లేని స్వతంత్ర సంఘం ఒకటి ముందుగా పరిశీలించవలెననే షరతు 1975లో జరిగిన సవరణలో దానికి చేరినది. ఇటీవలి సవరణ 2024 అక్టోబరులో వచ్చినది.

నియమాలు వ్రాసినంత మాత్రాన పని జరగదని అమెరికాలోని టస్కెగీ ఉదంతం చాటినది. అలబామా రాష్ట్రంలో 1932 నుంచి 1972 వరకు, అనగా నలభై సంవత్సరాలు, సవాయి రోగం ఉన్న 399 మంది నీగ్రో జాతి పేదలను, రోగం లేని 201 మందిని ప్రభుత్వ ఆరోగ్య శాఖ వారు పరిశీలిస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ ఈ రోగానికి మందు అని 1940ల చివరికే తేలినా ఆ రోగులకు దానిని అందించలేదు. చికిత్స లేకపోతే రోగం ఎంతవరకు ముదురుతుందో చూడడమే వారి ఉద్దేశం. ఇది పత్రికల కెక్కిన తరువాత 1974లో అక్కడ చట్టం వచ్చినది; 1979లో బెల్మాంట్ నివేదిక వెలువడినది. మనిషిని గౌరవించడం, మేలు చేయడం, న్యాయం పాటించడం అనే మూడు సూత్రాలను ఆ నివేదిక నిలబెట్టినది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అనగా ఐ.సి.ఎం.ఆర్., 1980లో మొదటి విధాన ప్రకటన చేసినది. తరువాత 2000లో, 2006లో, 2017లో మార్గదర్శకాలను వెలువరించినది. 2019లో వచ్చిన కొత్త మందుల నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలు ప్రభుత్వం వద్ద నమోదు కావలెను. కమిటీలో ఏడుగురికి తక్కువ కాకుండా సభ్యులుండవలెను. వారిలో కనీసం సగంమంది ఆ సంస్థకు సంబంధం లేనివారై ఉండవలెను. న్యాయశాస్త్రం తెలిసినవారు, కనీసం ఒక స్త్రీ, వైద్యంతోగాని పరిశోధనతోగాని సంబంధం లేని సామాన్య పౌరుడు ఒకరు తప్పనిసరి. ఈ సామాన్య పౌరుని సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను, మళ్ళీ వస్తుంది.

శిక్షణ ఎట్లా సాగుతున్నది?

1996లో నైజీరియాలోని కానో నగరంలో మెదడువాపు వంటి మెనింజైటిస్ జబ్బు అంటువ్యాధిగా ప్రబలినప్పుడు ఒక అమెరికా కంపెనీ సుమారు 200 మంది పిల్లలపై కొత్త మందును పాత మందుతో పోల్చి చూచినది. ఆ పరిశోధనకు చూపిన నైతిక అనుమతి లేఖ తరువాత తయారుచేసినదనే ఆరోపణ వచ్చి, వివాదం ఏళ్ళ తరబడి కోర్టులలో నలిగినది. ధనిక దేశాల సంస్థలు పేద దేశాలలో పరిశోధన చేసేటప్పుడు అక్కడ గట్టిగా ప్రశ్నించగల సమీక్షా సంఘం లేకపోతే ఏమవుతుందో ఇటువంటి వివాదాలు లోకానికి తెలియజేసినవి.

2000 సంవత్సరంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో భాగమైన ఫోగార్టీ కేంద్రం, పేద దేశాల ఆరోగ్య నిపుణులకు పరిశోధనా నీతిలో శిక్షణ ఇచ్చే పథకాన్ని ప్రారంభించినది. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్షా సంఘాలకు కార్య మార్గదర్శకాలు వెలువరించినది. ఆసియా, పశ్చిమ పసిఫిక్ ప్రాంతాల సంఘాలకు ఫెర్‌కాప్ అనే వేదిక ఏర్పడినది. మయామీ విశ్వవిద్యాలయంలో సిటీ అనే పేరుతో కంప్యూటరు పాఠ్యక్రమం మొదలైనదీ 2000లోనే. మన దేశపు మార్గదర్శకాలు కూడ కమిటీ సభ్యులు శిక్షణ పొంది ఉండవలెనని చెబుతున్నవి.

ఈ కృషిని తక్కువ చేయరాదు. ఒకప్పుడు పెద్ద డాక్టరు మాటే చెల్లే చోట నేడు చిన్న ఉద్యోగి కూడ “దీనికి కమిటీ అనుమతి ఉన్నదా?” అని అడగగలుగుతున్నాడు. నష్టపరిహారం, రహస్య రక్షణ, వైదొలగే హక్కు వంటి మాటలు వైద్యకళాశాలలలో వినబడుతున్నవంటే అది శిక్షణ ఫలమే.

కాని సాధారణంగా జరిగే శిక్షణ తీరును చూడండి. రెండు మూడు రోజుల సదస్సు, లేదా కంప్యూటరు ముందు కూర్చుని చదివే కొన్ని పాఠాలు. ప్రతి పాఠం చివర నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకొనమనే ప్రశ్నలు. ఉత్తీర్ణులైతే ఒక ధ్రువపత్రం. పాఠాలలో నూరెంబర్గు, టస్కెగీ, బెల్మాంట్ తప్పక ఉంటవి. సమ్మతి పత్రంలో ఏయే అంశాలుండవలెనో పట్టిక ఉంటుంది. శిక్షితుడు ఆ పట్టికను చేతబట్టుకొని పత్రంలో ఒక్కొక్క అంశానికి ఎదురుగా టిక్కు పెట్టడం నేర్చుకొంటాడు. తనిఖీకి వచ్చేవారు కూడ ముందుగా అడిగేది కాగితాలనే కనుక సంఘాల శ్రద్ధ అంతా కాగితాలపైకే పోతుంది.

ఇక్కడే మా విమర్శ. ఈ శిక్షణ పత్రాన్ని చదవడం నేర్పుతున్నది. ఆ పత్రంపై వేలిముద్ర వేసే మనిషి నిజంగా కాదనగల స్థితిలో ఉన్నదా అని విచారించడం నేర్పడం లేదు. పత్రంలో అన్ని అంశాలూ ఉండి కూడ సమ్మతి లేకుండా పోవచ్చును. దీనికి దూరదేశపు ఉదాహరణ అక్కరలేదు.

ఖమ్మం పత్రాలు చెప్పే సంగతి

స్త్రీలకు గర్భాశయ ముఖద్వారంలో వచ్చే క్యాన్సరుకు ప్రధాన కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ సంగతిని నిరూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానంలో భాగం లభించినది. ఈ వైరస్‌ను అడ్డుకొనే టీకాను వందకు పైగా దేశాలలో బాలికలకు వేస్తున్నారు. టీకా మంచిదే, దాని సుగుణాన్ని శంకించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేసే పథకం ప్రారంభించినవి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడ ఇటువంటి పథకమే నడిచినది. ఖమ్మంలో టీకా పొందినవారిలో గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలలలోను హాస్టళ్ళలోను ఉండి చదివేవారు చాలామంది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు తెలిసి గొడవ పుట్టినది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పథకాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని నియమించినది. ఆ మరణాలకు టీకా కారణం అయి ఉండకపోవచ్చునని ఆ సంఘం 2011లో తేల్చినది. కాని సమ్మతి తీసుకొన్న పద్ధతిలో లోపాలున్నవని కూడ చెప్పినది.

ఆ లోపాలు ఎటువంటివో అంకెలే చెబుతున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నవి. 2,763 పత్రాలపై సంతకం చేసినవారు హాస్టలు వార్డెన్లు. అనగా నూటికి సుమారు 29 పత్రాలలో తల్లి గాని తండ్రి గాని లేరు. ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు తల్లిదండ్రుల పక్షాన సంతకం చేయవలెనని ప్రభుత్వ యంత్రాంగం నుంచే సూచన వెళ్ళినట్లు కూడ బయటపడినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా ఖండించినది.

ఈ అంకెలను శిక్షణ పొందిన సమీక్షకుని కళ్ళతో ఒకసారి, మామూలు మనిషి కళ్ళతో ఒకసారి చూడండి. పట్టిక ప్రకారం చూస్తే సంతకం ఉండవలసిన చోట సంతకం ఉన్నది. మామూలు కళ్ళతో చూస్తే, అడవి పల్లెలో ఉన్న తల్లికి తన కూతురికి ఏ సూది వేస్తున్నారో తెలియదు. వార్డెను ఆ పిల్ల తిండికీ, నిద్రకూ, క్రమశిక్షణకూ బాధ్యుడు. పరిశోధనకు పిల్లను అప్పగించే అధికారం అతనికి లేదు. పైగా అతడు పై అధికారి మాట కాదనలేడు; పిల్ల అతని మాట కాదనలేదు. ఈ వరుసలో కాదనగలవాడు ఒక్కడూ లేడు. కాదనడానికి వీలులేని చోట ఔననడానికి అర్థమేమున్నది?

మరొక సంగతి. ఈ పథకాన్ని నడిపినవారు దీనిని ప్రయోగమని పిలువలేదు. అనుమతి పొందిన టీకాను అమలుపరచే ప్రదర్శనా పథకమన్నారు. పార్లమెంటు సంఘం దీనిని మనుషులపై పరిశోధనగానే పరిగణించినది. ఏది పరిశోధన, ఏది సేవ అన్న ప్రశ్న శిక్షణలో మొదటి పాఠం కావలెను. సేవ అని పేరు పెడితే పరిహారం, బీమా, గట్టి సమ్మతి వంటి రక్షణలు జారిపోవచ్చును. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త వచ్చి సూది వేస్తే అది ఎప్పుడూ వేసే టీకాల వంటిదేనని తల్లి అనుకొంటుంది. ఆ భ్రమను తొలగించవలసిన భారం పరిశోధకునిదే.

అధికారం వలెనే డబ్బు కూడ “కాదు” అనే మాటను నొక్కివేస్తుంది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ ప్రాంతపు పేద స్త్రీలను డబ్బిచ్చి హైదరాబాదుకు తీసుకొనిపోయి మందుల పరీక్షలకు వాడిన సంగతి వెల్లడి అయినది. అక్కడా పత్రాలున్నవి, సంతకాలున్నవి.

కాగితం పనికిరానిదని దీని భావం కాదు. ఆ పత్రాలే లేకుంటే 2,763 అనే అంక మనకు తెలిసేదే కాదు. కాగితం సాక్ష్యం. సాక్ష్యం దేనికో దానిని విచారించడం సమీక్షకుని పని.

పామూరు బడికి వస్తే

పామూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనిది. మన దేశంలో మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొట్టమొదట వర్ణించినది ఈ నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని గూర్చి భారత వైద్య పరిశోధన పత్రికలో ప్రకటించినారు. 1940లో సి.జి. పండిట్, ఆయన సహచరులు పిల్లల పళ్ళపై మచ్చలనూ, పెద్దల ఎముకలలో వచ్చే మార్పులనూ మరింత విపులంగా పరిశీలించినారు. ఆ పండిట్‌గారే తరువాత ఐ.సి.ఎం.ఆర్.కు మొదటి డైరెక్టరు అయినారు.

రాళ్ళలోని ఫ్లోరైడు భూగర్భ జలంలో కరుగుతుంది. లీటరు నీటిలో 1 మిల్లిగ్రాముకు మించరాదని, వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లిగ్రాముల వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. పళ్ళు ఏర్పడే వయస్సులో అంతకు మించిన నీరు త్రాగితే పళ్ళపై సున్నపు మచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడుతవి. ఎక్కువ ఫ్లోరైడున్న నీటినే ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకొనిపోతవి. కనిగిరి, పామూరు ప్రాంతాల ప్రజలకు ఇది పుస్తకంలో చదివే సంగతి కాదు.

ఈ వ్యాధిపై పరిశోధన చేయదలచినవారు మొదట వచ్చేది బడికే. కారణాలు స్పష్టం. పిల్లలు ఒకేచోట ఉంటారు. వయస్సు రిజిస్టరులో ఉంటుంది. కొత్తగా వచ్చిన శాశ్వత దంతాలు చూడడానికి అనువుగా ఉంటవి. మాస్టారు చెబితే వరుసలో నిలబడుతారు. పరిశోధకునికి సులువైన ఈ నాలుగు కారణాలలో చివరిది నైతికంగా ప్రమాదకరమైనది. ఉపాధ్యాయుని మాటకు పిల్లవాడు లొంగి ఉంటాడు కనుకనే మార్గదర్శకాలు విద్యార్థులను ప్రత్యేక రక్షణ కావలసినవారిలో చేర్చినవి.

2017 నాటి మార్గదర్శకాల ప్రకారం పిల్లలపై పరిశోధనకు తల్లిగాని తండ్రిగాని సమ్మతి తెలుపవలెను. దానికి తోడు 7 నుంచి 12 ఏళ్ళ పిల్లలను నోటిమాటగాను, ఆ పైన 18 ఏళ్ళ లోపువారిని వ్రాతపూర్వకంగాను ఒప్పుదల అడగవలెను. చదువురాని తల్లిదండ్రులు వేలిముద్ర వేసేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని అక్షరాస్యుడు ఒకరు సాక్షిగా ఉండవలెను. ప్రధానోపాధ్యాయుని అనుమతి బడిలోకి రావడానికి మాత్రమే. తల్లిదండ్రుల సమ్మతికి అది బదులు కాదు.

పళ్ళు చూడడం, మూత్రం తీసుకోవడం వలన హాని ఏమిటని ఎవరైనా అనవచ్చును. శరీరానికి హాని లేదు, నిజమే. కాని పదునాలుగేళ్ళ అమ్మాయి పళ్ళను తరగతి అందరి ఎదుట చూచి “గ్రేడు నాలుగు” అని బిగ్గరగా చదివితే ఆమెకు కలిగే చిన్నతనం ఏ పట్టికలోనూ ఎక్కదు. ముంజేతి ఎముకలకు ఎక్స్-రే తీయవలెనంటే అది వేరే సంగతి. అవసరమెంతో ప్రత్యేకంగా విచారించవలెను. అన్నింటికన్న పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. ఒక వీధి బోరు నీటిలో 4 మిల్లిగ్రాముల ఫ్లోరైడు ఉన్నదని పరిశోధకుడు కనుగొన్నాడనుకొందాము. ఆ అంకెను పత్రికలో ప్రకటించి ఊరుకొంటే సరిపోతుందా? ఆ నీటినే త్రాగుతున్న ఇంటివారికి చెప్పనవసరం లేదా? సమ్మతి పత్రంలో “ప్రయోజనం” అనే గడిలో “శాస్త్రవిజ్ఞానం పెరుగుతుంది” అని ఒక వాక్యం వ్రాసి ఉంటే పట్టిక ప్రకారం అది నిండినట్లే. ఊరివారి లెక్కలో అది ఖాళీ గడియే. తెలిసి కూడ చెప్పకుండా చూస్తూ కూర్చోవడమే గదా టస్కెగీలో జరిగినది!

మాటల చిక్కు

శిక్షణ అంతా చాలవరకు ఇంగ్లీషులో సాగుతుంది. సమ్మతి పత్రాలు కూడ మొదట ఇంగ్లీషులో తయారై, తరువాత తెలుగులోకి వస్తవి. ఆ తెలుగు ఎట్లా ఉంటుందో చూడండి. “యాదృచ్ఛికీకరణం” అంటే ఉపాధ్యాయునికే తెలియదు. “ఎవరికి ఏ మందు వస్తుందో చీటీలు వేసి తేలుస్తాము” అంటే అందరికీ తెలుస్తుంది. “క్రియారహిత ఔషధం” అనే బదులు “చూడడానికి మందులాగే ఉంటుంది గాని అందులో మందు ఉండదు” అనవచ్చును.

అంతకన్న సూక్ష్మమైన చిక్కు “పరీక్ష” అనే మాటలో ఉన్నది. మన భాషలో డాక్టరు రోగిని చూస్తే పరీక్ష. రక్తం తీసి చూస్తే పరీక్ష. కొత్త మందును ప్రయోగిస్తే పరీక్ష. బడిలో మార్చి నెలలో వచ్చేదీ పరీక్షే. “రేపు పెద్ద డాక్టర్లు వచ్చి మీకు పరీక్షలు చేస్తారు” అని ప్రకటిస్తే తల్లి అది వైద్యమనుకొంటుంది, పిల్లవాడు తప్పించుకోరానిదనుకొంటాడు. ఇద్దరికీ అది పరిశోధన అని తోచదు. ఏ అంతర్జాతీయ పాఠ్యక్రమమూ ఈ చిక్కును చెప్పలేదు. చెప్పవలసినది తెలుగు తెలిసిన మనమే.

సమ్మతి అర్థమైనదా లేదా అని తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. చదివి వినిపించిన తరువాత “అర్థమైనదా?” అని అడగరాదు; అడిగితే అందరూ ఔననే అంటారు. “ఇంటికి పోయి మీ అత్తగారికి ఈ సంగతి ఎట్లా చెబుతావమ్మా?” అని అడగవలెను. ఆమె చెప్పిన దానిలో మూడు మాటలు రావలెను: ఇది వైద్యం కాదు, పరిశోధన, ఇష్టం లేకపోతే మానవచ్చును, మానినా ఆస్పత్రిలో గాని బడిలో గాని నష్టం లేదు. ఈ మూడూ రాకపోతే వేలిముద్ర తీసుకొనే వేళ కాలేదన్నమాట. పాఠం చెప్పిన తరువాత విద్యార్థిచేత తిరిగి చెప్పించడం ఉపాధ్యాయులకు కొత్త విద్య కాదు. డాక్టర్లు ఈ విషయంలో మనవద్ద నేర్చుకొనవలసి ఉన్నది.

ఏమి మారవలెను?

మొదటిది, పాఠాలలో మన ఊళ్ళు రావలెను. నూరెంబర్గును విడువనక్కరలేదు, కాని దుర్మార్గుల కథలు మాత్రమే చదివినవాడు “నేను దుర్మార్గుణ్ణి కాను గదా” అని నిశ్చింతగా ఉంటాడు. ఖమ్మంలో పనిచేసినవారు దుర్మార్గులు కారు. మంచి టీకాను పేద బాలికలకు అందించదలచినవారు. మంచి ఉద్దేశంతో చేసిన పనిలో సమ్మతి ఎట్లా జారిపోయినదో చదివితేనే శిక్షితునికి తన సంగతి తనకు తెలుస్తుంది.

రెండవది, శిక్షణలో కొంత భాగం సదస్సు గదిలో గాక సమ్మతి తీసుకొనే చోట జరగవలెను. సమీక్షకుడు ఒక పూట ఆశ్రమ పాఠశాల వరండాలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చెట్టు క్రిందనో కూర్చుని ఎవరు అడుగుతున్నారు, ఎంతసేపు చెబుతున్నారు, ఎవరైనా “వద్దు” అని లేచి పోయినారా అని చూడవలెను. వందమందిని అడిగితే వందమందీ ఒప్పుకొన్నారంటే సంతోషించడానికి ముందు సందేహించవలెను.

మూడవది, పరిశోధనకు లోనయ్యేవారే బోధకులు కావలెను. దక్షిణాఫ్రికాలోని సాన్ జాతివారు తమపై పరిశోధనకు వచ్చేవారు పాటించవలసిన నియమావళిని 2017లో తామే వ్రాసుకొన్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అనేవి అందులో ముఖ్యమైనవి. తొంభై ఏళ్ళుగా పళ్ళూ ఎముకలూ చూపిస్తూ వచ్చిన ఈ మెట్టప్రాంతపు ప్రజలకు అటువంటి నియమావళి వ్రాసుకొనే అనుభవం లేదని ఎవరనగలరు?

నాలుగవది, కమిటీలోని సామాన్య పౌరుని సంగతి. నిబంధన ప్రకారం అతడు తప్పక ఉండవలెను. కాని శిక్షణ వైద్యులకోసం తయారైనది కనుక అతడు పరిభాష అర్థంకాక మౌనంగా కూర్చుంటాడు. అతనికి కావలసినది వైద్యశాస్త్రం కాదు, “ఇది మా ఊరి తల్లికి అర్థమవుతుందా?” అని అడగగల ధైర్యం. ఈ స్థానానికి హైస్కూలు ఉపాధ్యాయునికన్న తగినవారు అరుదు.

ఇట్లా అడుగుతూ పోతే పరిశోధన ఆలస్యమవుతుందని, రోగాలు ఆగవని కొందరి వాదం. అందులో కొంత నిజమున్నది. అనవసరమైన కాగితాల మోతను తగ్గించవలసినదే. కాని ఖమ్మంలో మిగిల్చిన కాలమెంత? హడావిడిగా సంతకాలు సేకరించిన పథకం ఏడాది నిండకముందే నిలిచిపోయినది. మంచి టీకాపై అనుమానం మాత్రం మిగిలిపోయినది. తల్లులకు సావకాశంగా చెప్పి ఉంటే పట్టే కాలం అంతకన్న తక్కువే.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు

పరిశోధక బృందం బడికి వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుడు ఐదు ప్రశ్నలు అడగవలెను. ఇది సేవా, పరిశోధనా? ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించినది, ఆ లేఖ ఏది? తెలుగులో వ్రాసిన పత్రం తల్లిదండ్రులకు ఎన్ని రోజుల ముందు చేరుతుంది? ఇష్టంలేని పిల్లవాడు తోటివారి ఎదుట నామోషీ పడకుండా తప్పుకొనే దారి ఏమిటి? తేలిన ఫలితాన్ని ఊరివారికి ఎప్పుడు, ఎవరు చెబుతారు? వీటికి జవాబు చెప్పగల పరిశోధకుని సగౌరవంగా ఆహ్వానించవచ్చును. జవాబు రాకముందు తల్లిదండ్రుల గడిలో తన సంతకం పెట్టకుండా ఉండడం ప్రధానోపాధ్యాయుని విధి. ఆ సూచన ఎంత పై నుంచి వచ్చినా సరే.

విద్యార్థులకు కూడ ఇందులో పాఠమున్నది. బాలల సైన్సు కాంగ్రెస్ వంటి కార్యక్రమాలకోసం ఎంతోమంది విద్యార్థులు ఇంటింటికీ తిరిగి త్రాగునీటిని గూర్చి, ఆరోగ్యాన్ని గూర్చి వివరాలు సేకరిస్తారు; తోటివారి బరువు, ఎత్తు, పళ్ళ మచ్చలు లెక్కిస్తారు. అదీ మనుషులపై పరిశోధనే. నోటుపుస్తకంలో మొదటి గడిలో పేరు వ్రాయడానికి ముందు “నేను ఇందుకోసం అడుగుతున్నాను, నీకు ఇష్టమేనా?” అని అడగడం, ఇష్టం లేదన్నవారిని మళ్ళీ అడగకుండా వదలివేయడం, ఎవరి మచ్చలు ఎన్నో ఇంకొకరికి చెప్పకపోవడం, చివరకు ఏ బోరులో ఎంత ఫ్లోరైడు ఉన్నదో ఆ వీధివారికి చెప్పి రావడం అలవాటు చేసుకొనవలెను. పామూరు హైస్కూలులో ఈ అలవాటు పడిన పిల్లవాడు రేపు డాక్టరై ఎథిక్స్ కమిటీలో కూర్చున్ననాడు, ముందున్న పత్రంలో వేలిముద్ర కనబడితే అది ఎవరిదో, వేసేటప్పుడు పక్కన ఎవరున్నారో అడుగుతాడు.